పాటకు యజమానురాలు: డాలీ పార్టన్ నిలబడిన తీరు

1927 వేసవిలో విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ అనే ఊరికి వచ్చాడు. టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు ఆ ఊరి నడిబొడ్డు నుంచే పోతుంది. చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి ఫిడేలు, బాంజో, గిటారు పట్టుకొచ్చిన వాళ్లందరి చేతా పాడించి రికార్డు చేశాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ అక్కడే వెలుగులోకి వచ్చారు. అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతం వ్యాపారంగా మారింది అక్కడి నుంచేనని చరిత్రకారులు చెబుతారు. ఆ కథలో అంతగా చెప్పుకోని ముక్క ఒకటుంది. పీర్ విక్టర్ కంపెనీని జీతం అడగలేదు. పాటల పబ్లిషింగ్ హక్కులు, అంటే పాట రచన మీద వచ్చే ఆదాయంలో హక్కులు, తనకు దక్కితే చాలన్నాడు. గాయకులకు పాటకు 50 డాలర్లు చేతికొచ్చాయి, రాయల్టీలో కొద్దిపాటి వాటా వచ్చింది. పీర్‌కు మాత్రం ఏళ్ల తరబడి ఆదాయం తెచ్చిపెట్టే ఆస్తి మిగిలింది.

కంట్రీ సంగీతంలో డబ్బు ఎక్కడ ఉంటుందో ఆ ఒక్క ఒప్పందమే చెప్పేసింది. అయినా ఆ తర్వాత కూడా పాటగాళ్లు పాటలు అమ్ముకుంటూనే వచ్చారు. పెద్ద కంట్రీ గాయకుడైన విల్లీ నెల్సన్ అంతటివాడు కూడా ఇంట్లో గడవక ఒక పాటను 50 డాలర్లకూ, మరో పాటను 150 డాలర్లకూ ఇచ్చేశాడు. గాయని లోరెట్టా లిన్ తన పబ్లిషింగ్ కంపెనీతో తగవు ముదిరాక, రాసినదంతా వాళ్ల పాలవుతుందని పాటలు రాయడమే తగ్గించుకుంది. ఇలాంటి చోట, ఇరవై ఏళ్ల వయసులోనే తన పాటలకు సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్న కంట్రీ గాయని, రచయిత్రి డాలీ పార్టన్. ఆమె గురించి రాసేవాళ్లు ఎక్కువగా విగ్గుల గురించో, మెరుపుల దుస్తుల గురించో, గొంతు గురించో రాస్తారు. అవన్నీ నిజమే. అయితే అరవై ఏళ్ల పాటు ఆమెను నిలబెట్టింది పాట మీద వదులుకోని యాజమాన్యం. మిగతా కథంతా ఆ వేరు నుంచి మొలిచిందే.

ఆమె 1946 జనవరి 19న తూర్పు టెన్నెసీలోని సెవియర్ కౌంటీలో, స్మోకీ పర్వతాల ఒడిలో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. ఒంటిగది చెక్క ఇల్లు. కాన్పు చేసిన డాక్టరుకు డబ్బు ఇవ్వలేక నాన్న ఒక బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చాడు. నాన్న రాబర్ట్ లీ పార్టన్ పొగాకు పండించేవాడు, చదవడం రాయడం రాదు. అమ్మ ఏవీ లీ పాత కథాగేయాలు పాడేది. స్కాట్లండ్, ఇంగ్లండ్, వేల్స్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు తరతరాలుగా నోట మోసుకొచ్చిన పాటలవి. హత్యలు, మోసపోయిన ప్రేమలు, చనిపోయిన పసిపిల్లలు, మూడు నిమిషాల్లో ఒక బతుకంతా చెప్పేసే పద్ధతి. డాలీ రాతలో కనిపించే బిగువు అక్కడిదే.

మేనమామ బిల్ ఓవెన్స్ ఆమెకు గిటారు కొనిచ్చాడు. పదేళ్లకే నాక్స్‌విల్‌లో కాస్ వాకర్ అనే కిరాణా వ్యాపారి నడిపే రేడియో, టీవీ కార్యక్రమాల్లో పాడింది. పదమూడో ఏట, కంట్రీ సంగీతంలో పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమం వేదిక ఎక్కింది. 1964లో హైస్కూలు పూర్తయిన మర్నాడే, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు బస్సెక్కింది. వాళ్ల ఇంట్లో హైస్కూలు పూర్తి చేసిన మొదటి మనిషి ఆమే. నాష్‌విల్‌లో మొదటి రోజునే లాండ్రీ షాపు బయట కార్ల్ డీన్ కనిపించాడు. 1966లో పెళ్లి. 2025 మార్చిలో ఆయన కన్నుమూసేదాకా ఆ కాపురం సాగింది. ఆయన వేదికల దరిదాపులకు రాలేదు, తారు రోడ్లు వేసే పని చేసుకున్నాడు.

నాష్‌విల్‌లో ఆమెకు మొదట తిండి పెట్టింది గొంతు కాదు. మాన్యుమెంట్ అనే రికార్డు కంపెనీ ఆమె సన్నని గొంతు కంట్రీకి పనికిరాదని పాప్ పాటలు పాడించింది, అవి ఆడలేదు. 1966లో మేనమామతో కలిసి ఆమె రాసిన పాటను బిల్ ఫిలిప్స్ పాడితే కంట్రీ చార్టులో, అంటే ఆదరణ పొందిన పాటల పట్టికలో, మొదటి పదిలోకి వెళ్లింది. ఆ తర్వాతే కంపెనీ ఆమెను కంట్రీ పాడనిచ్చింది. అంటే రచయిత్రిగా గెలిచి, ఆ గెలుపుతో గాయనిగా తలుపు తీయించుకుంది. ఆ ఏడాదే మామా మేనకోడలూ కలిసి ఓవెపార్ అనే పబ్లిషింగ్ కంపెనీ పెట్టారు.

ఇక్కడ లెక్క కొంచెం విడమరచి చెప్పాలి. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాటలూ బాణీ కలిసిన రచన ఒకటి. దాన్ని ఫలానా రోజు ఫలానా గొంతుతో పట్టిన రికార్డింగు ఇంకొకటి. రికార్డింగు సాధారణంగా కంపెనీది. రచన రాసినవాళ్లది, వాళ్లు ఎవరికైనా రాసిచ్చేస్తే పుచ్చుకున్నవాళ్లది. అమెరికాలో ఇంకో విశేషం ఉంది. మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకూ, పబ్లిషర్‌కూ డబ్బు ముడుతుంది. పాడినవాళ్లకు పైసా రాదు. పాటను వేరే ఎవరు పాడుకున్నా, ఎన్నిసార్లు పాడుకున్నా, అమ్మిన ప్రతి కాపీ మీదా రచన హక్కుదారుకు చట్టం నిర్ణయించిన రేటు ఉంటుంది. గాయకుడి సంపాదన గొంతు పనిచేసినంత కాలమే. రచనకు హక్కుదారుగా ఉన్న మనిషికి నిద్రపోతున్నప్పుడు కూడా తన పాట పనిచేస్తూనే ఉంటుంది.

1967లో కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ తన టీవీ కార్యక్రమంలోకి డాలీని తీసుకున్నాడు. అమెరికా దక్షిణాది అంతా చూసే కార్యక్రమం అది. అంతకుముందు అక్కడ పాడిన నార్మా జీన్ కావాలని జనం మొదట్లో గోల చేశారు. వాగనర్ పట్టుబట్టి యుగళగీతాలు పాడించాడు, ఆర్‌సీఏ కంపెనీలో చోటిప్పించాడు. ఆయన లేకపోతే డాలీ అంత త్వరగా అందరి ఇళ్లకూ చేరేది కాదన్నది ఒప్పుకోవాల్సిన మాట. వాగనర్ బస్సులో ప్రయాణిస్తుండగానే ఆమె తన చిన్ననాటి అతుకుల కోటు గురించి పాట రాసింది. కాగితం దొరక్క, వాగనర్ బట్టల డ్రైక్లీనింగ్ రసీదు మీద రాసుకుంది. అమ్మ గుడ్డపేలికలు కలిపి కుట్టిన కోటు వేసుకుని బడికెళితే పిల్లలంతా నవ్విన సంగతి. 1971లో వచ్చిన ఆ పాట ఆమెకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైనది.

1973లో వచ్చిన ‘జోలీన్’ను దగ్గరగా చూస్తే ఆమె రాత తీరు అర్థమవుతుంది. ఒక ఆడమనిషి, తన మగడిని లాక్కుపోగల మరో ఆడదాన్ని వేడుకుంటోంది. అంతే కథ. తిట్టడం లేదు, శాపనార్థాలు లేవు. ఎదుటి మనిషి జుట్టునూ, కళ్లనూ, గొంతునూ మనసారా పొగుడుతూ, నీతో నేను పోటీ పడలేనని ఒప్పుకుంటుంది. పల్లవిలో ఆ పేరును వెంటవెంటనే నాలుగుసార్లు పిలవడం తప్ప అలంకారమేమీ లేదు. పిలిచిన ప్రతిసారీ బాణీ ఒక మెట్టు పైకెక్కుతుంది, వేడికోలు పెరుగుతున్నట్టు. కింద గిటారు ఆగకుండా పరుగెడుతూ ఉంటుంది. మొత్తం పాటలో ఉన్నవి రెండు వందల మాటలు, అటూ ఇటూగా. మగడు తప్పు చేశాడా లేదా అన్నది చివరిదాకా చెప్పదు. చెప్పకపోవడం వల్లే ఎవరు పాడినా ఆ పాట వాళ్లదైపోతుంది. రాక్ బృందాలు పాడాయి, బియాన్సే 2024లో వేడికోలును హెచ్చరికగా మార్చి పాడింది. అలా మార్చి పాడినా రచన డాలీదే.

వాగనర్ నీడ నుంచి బయటపడటం తేలిగ్గా జరగలేదు. ఐదేళ్ల కోసం వచ్చానంటూ ఆమె, ఇప్పుడే ఎక్కడికంటూ ఆయన, మాటామాటా పెరిగాయి. చివరికి వాదించడం మాని ఒక పాట రాసుకెళ్లి ఆయన ముందు కూర్చుని పాడింది. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అదే. ప్రేమికులు విడిపోయే పాటగా లోకమంతా వింటున్నది నిజానికి ఒక ఉద్యోగి యజమానికి ఇచ్చిన వీడ్కోలు. 1974లో అది కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది.

దాన్ని ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకున్నాడు. డాలీ సంతోషానికి హద్దుల్లేవు. ఆ రోజుల్లో ఎల్విస్ ఒక పాటను ముట్టుకుంటే రాసినవాళ్ల దశ తిరిగినట్టే. రికార్డింగుకు ముందు ఎల్విస్ మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి, పబ్లిషింగ్‌లో సగం ఇస్తేనే ఎల్విస్ పాడతాడని చెప్పాడు. అది పార్కర్‌కు మామూలు షరతే, చాలామంది రచయితలు నోరు మూసుకుని సంతకం పెట్టినదే. డాలీ ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చానని తర్వాత చాలాసార్లు చెప్పింది. నా పాటలు నా కుటుంబానికి మిగలాల్సినవి అన్నది ఆమె కారణం. ఇందులో ధైర్యం ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉంది. ఆ పాట అప్పటికే తన గొంతుతో నంబర్ వన్ అయింది. ఎల్విస్ పాడినా పాడకపోయినా దాని విలువ తేలిపోయింది. ఏమీ తేలని పాటైతే అంత గట్టిగా నిలబడటం కష్టమయ్యేది. చేతిలో ఏముందో తెలిసినవాళ్లే కాదనగలరు.

మన దగ్గర ఈ లెక్క చాలాకాలం తలకిందులుగా నడిచింది. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు నిర్మాతే మొదటి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో తెలుగులో తరతరాలు పాడుకున్న సినిమా పాటలకు రాసినవాళ్ల చేతికి ఆ రోజు అందిన పారితోషికమే మొదలూ చివరా అయింది. సినిమా హాలు బయట పాట వాడుకున్నప్పుడల్లా రచయితకూ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో సమాన వాటా ఉండాలనీ, దాన్ని వాళ్లు రాసిచ్చేసినా చెల్లదనీ చట్టంలోకి ఎక్కింది 2012 సవరణతోనే. డాలీ ఇరవై ఏళ్ల వయసులో ఒప్పందం కాగితాల మీద సాధించుకున్నదాన్ని మన కవులు చట్టం మారేదాకా ఎదురుచూసి తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఎంతమంది మహానుభావులు వెళ్లిపోయారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

1979లో వాగనర్ ఒప్పందం ఉల్లంఘన కింద ఆమె మీద 30 లక్షల డాలర్లకు దావా వేశాడు. కోర్టు బయట రాజీ అయింది, ఆమె డబ్బు కట్టింది. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు. 2007లో ఆయన చివరి రోజున ఆమె పక్కనే ఉంది.

ఈలోగా ఆమె పాప్ వైపు అడుగేసింది. 1977లో వచ్చిన ‘హియర్ యూ కమ్ ఎగైన్’ ఆమె రాసింది కాదు, బ్యారీ మాన్, సింథియా వైల్ అనే పాప్ రచయితల జంటది. పాట మరీ పాప్‌గా ఉందని బెంగపడి, అందులో స్టీల్ గిటారు పెట్టమని పట్టుబట్టింది. కంట్రీ శ్రోతలు ఇదేమిటని అడిగితే ఇదిగో స్టీల్ గిటారు అని చూపించడానికి. ఆ ఆల్బమ్ పది లక్షలు దాటి అమ్ముడైంది. మరుసటేడు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెను ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్‌గా ఎంచుకుంది. నాష్‌విల్‌ను వదిలేసిందన్న నింద మాత్రం కొన్నేళ్లు వెంటాడింది. ఆ నిందలో కొంత నిజం ఉంది. ఎనభైల తొలినాళ్ల ఆల్బమ్‌లు కొన్ని ఇప్పుడు వింటే పేలవంగా అనిపిస్తాయి, ఆమె రాత వాటిలో తగ్గిపోయింది.

రాసినప్పుడు మాత్రం మెరిసింది. 1980లో ‘9 టు 5’ సినిమాలో నటించడానికి పెట్టిన షరతు, టైటిల్ పాట తానే రాయాలని. షూటింగు మధ్యలో తన పొడవాటి పెట్టుడు గోళ్లను ఒకదానికొకటి రాపిడి చేస్తే టైప్‌రైటర్ చప్పుడులా వినిపించింది. ఆ తాళం మీదే పాట కట్టింది. రికార్డింగులో కూడా ఆ గోళ్ల చప్పుడు ఉంది, ఆల్బమ్ వెనక వాయిద్యకారుల పేర్లతో పాటు గోళ్లు వాయించింది డాలీ అని అచ్చేశారు. ‘9 టు 5’ అన్న సినిమా పేరు 1973లో బోస్టన్‌లో ఆఫీసు ఉద్యోగినులు పెట్టుకున్న సంఘం నుంచి వచ్చింది. తక్కువ జీతం, పై అధికారి కొట్టేసే క్రెడిట్ గురించిన ఫిర్యాదును చిందులేసే బాణీలో పెట్టడం, పొద్దున లేచి కాఫీ కలుపుకునే దగ్గర మొదలుపెట్టడం ఆమెకే తగ్గ పని. 1981 ఫిబ్రవరిలో అది అమెరికా ప్రధాన చార్టులోనే మొదటి స్థానంలో నిలిచింది.

1992 నవంబరులో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ గొంతుతో పాత వీడ్కోలు పాట మళ్లీ వచ్చింది. అప్పటికే డాలీ దాన్ని 1982లో ఒక సినిమా కోసం తిరిగి పాడి మళ్లీ కంట్రీ నంబర్ వన్ చేసింది. విట్నీ పాడినది 14 వారాలు అమెరికా చార్టు మొదట్లో కదలకుండా కూర్చుంది. కారు నడుపుతూ రేడియోలో మొదటిసారి విన్నప్పుడు, కారు ఎక్కడికైనా గుద్దేస్తానేమో అనుకుందట డాలీ. లెక్క చూద్దాం. ఆ ఏడాది అమెరికాలో చట్టం ప్రకారం ఒక పాట ఒక కాపీ మీద రచనకు 6.25 సెంట్లు. పది లక్షల కాపీలకు 62,500 డాలర్లు. ఒక కోటి కాపీలకు 6,25,000. సినిమా పాటల ఆల్బమ్ అమెరికాలోనే కోటీ డెబ్బై లక్షలు దాటింది, విడిగా ఆ ఒక్క పాట సింగిల్ 40 లక్షలు. విదేశాల అమ్మకాలు వేరే. రేడియో, టీవీ ప్రసారాల డబ్బు వేరే. విచిత్రమేమంటే, అమెరికా రేడియోల్లో ఆ పాట రోజంతా మోగుతుంటే, దాన్ని ఆకాశానికెత్తిన విట్నీకి ఆ ప్రసారాల మీద ఏమీ రాలేదు. డాలీకి వచ్చింది. 1974లో పార్కర్‌కు సంతకం పెట్టి ఉంటే ఇందులో పబ్లిషింగ్ సగం పోయేది, శాశ్వతంగా. విట్నీ పాట డబ్బుతో నాష్‌విల్‌లోని ఒక నల్లజాతీయుల పేటలో భవన సముదాయం కొన్నానని, అది విట్నీ పుణ్యమని ఆమె 2021లో చెప్పింది.

హక్కుల బలం ఎక్కువగా తెలిసేది గిరాకీ తగ్గినప్పుడు. 1986లో ఆర్‌సీఏ ఆమె ఒప్పందాన్ని పొడిగించలేదు. నలభై దాటిన గాయనుల పాటలు వేయడానికి కంట్రీ రేడియోకు అప్పటికీ ఇప్పటికీ మనసొప్పదు. పాడితేనే పూట గడిచే మనిషికి అది ముగింపు. డాలీ అదే ఏడాది తన సొంత కౌంటీలోని పిజన్ ఫోర్జ్‌లో ఉన్న వినోద పార్కులో భాగస్వామిగా చేరింది. పార్కు పేరు డాలీవుడ్‌గా మారింది. అది కౌంటీలో అత్యధికంగా ఉద్యోగాలిచ్చే సంస్థల్లో ఒకటైంది, ఏటా 30 లక్షల మంది దాకా వస్తారు. లోపల ఆమె పుట్టిన ఒంటిగది ఇంటి నమూనా ఉంది. 2022 నుంచి పార్కు ఉద్యోగులు కాలేజీలో చేరితే ఫీజు, పుస్తకాల ఖర్చు యాజమాన్యమే భరిస్తోంది.

రేడియో వదిలేశాక ఆమె చేసిన సంగీతమే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. 1999 నుంచి 2002 వరకు షుగర్ హిల్ అనే చిన్న కంపెనీకి మూడు ఆల్బమ్‌లు ఇచ్చింది. అవి బ్లూగ్రాస్ అనే తీగవాయిద్యాల సంగీతం, పాత కొండపాటల బాణీలు. ఫిడేలు, మాండలిన్, బాంజో మధ్య ఆ గొంతు మళ్లీ పుట్టింటికి చేరినట్టుంటుంది. చార్టుల కోసం పరుగెత్తాల్సిన అవసరం లేని మనిషి మాత్రమే చేయగల పని అది. ఆ తర్వాత సొంత లేబుల్ కూడా పెట్టుకుంది. రచనతో పాటు రికార్డింగు కూడా తన చేతికొచ్చింది.

సంపాదన ఎటు పోయిందన్నదీ ఈ కథలో భాగమే. 1990ల మొదట్లో సెవియర్ కౌంటీలో బడి మధ్యలో మానేసే పిల్లలు 35 శాతం ఉండేవారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని జంటలుగా కలిపి, ఇద్దరూ హైస్కూలు పూర్తి చేస్తే ఒక్కొక్కరికి 500 డాలర్లు ఇస్తానని మాటిచ్చింది. ఆ తరగతుల్లో మానేసేవాళ్లు 6 శాతానికి తగ్గారు. 1995లో అదే కౌంటీలో ఇమాజినేషన్ లైబ్రరీ మొదలైంది. పుట్టిన దగ్గర్నుంచి ఐదేళ్లు నిండేదాకా పిల్లల పేరు మీద నెలకో పుస్తకం పోస్టులో ఇంటికొస్తుంది, ఆదాయంతో నిమిత్తం లేదు. చదువు రాని నాన్నను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టినదది. ఇప్పుడు అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండ్‌లలో నడుస్తోంది, 2023కే 20 కోట్ల పుస్తకాలు దాటాయి. 2016లో కార్చిచ్చు గాట్లిన్‌బర్గ్‌ను కాల్చేసినప్పుడు ఇళ్లు పోయిన కుటుంబాలకు నెలకు వెయ్యి డాలర్ల చొప్పున ఆరు నెలలు ఇచ్చింది. 2020లో కోవిడ్ పరిశోధనకు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి పది లక్షల డాలర్లు ఇచ్చింది. అందులో కొంత మోడెర్నా టీకా పరిశోధనకు చేరింది.

ఆమె రాజకీయాల గురించి నోరు విప్పదు. అమెరికా రెండుగా చీలిపోయిన ఈ కాలంలో రెండు వైపుల వాళ్లూ ఆమెను తమ మనిషే అనుకుంటారు. ఈ మౌనంలో వినయంతో పాటు వ్యాపార జాగ్రత్త కూడా ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. దక్షిణాది అంతర్యుద్ధ జ్ఞాపకాలను వేడుకగా చూపే తన భోజన వినోద కేంద్రం పేరులోంచి, బానిసత్వం నాటి దక్షిణాదిని గుర్తుచేసే ‘డిక్సీ’ అనే మాటను ఆమె సంస్థ 2018లోగానీ తీసేయలేదు. విమర్శ వచ్చాకే తీసింది. తెలియక చేశామని, నొప్పి కలిగిస్తుందని తెలిశాక అట్టిపెట్టుకోవడం మూర్ఖత్వమని ఆమె చెప్పిన తీరు మాత్రం సూటిగా ఉంది.

ఇప్పటిదాకా ఆమె మూడు వేల పాటలు రాశానంటుంది. వాటిలో జనం నోట నిలిచినవి పాతికో ముప్పయ్యో ఉంటాయి, ఏ రచయితకైనా అది గొప్ప పంటే. అమెరికా చట్టం ప్రకారం 1978కి ముందు వచ్చిన పాటలకు ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్లు రక్షణ ఉంటుంది. ‘జోలీన్’ 2068 చివరిదాకా, వాగనర్‌కు పాడిన వీడ్కోలు పాట 2069 చివరిదాకా హక్కుల కింద ఉంటాయి. పిల్లలు లేని డాలీకి తోబుట్టువులూ, వాళ్ల పిల్లలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. పార్కర్‌కు చెప్పిన కారణంలో ఆమె మనసులో ఉన్నది వాళ్లే.